మూసిన ఈశాన్యం

ఏసోబు గొర్లపాడు చావడి ముందు సైకిలు దిగేసరికి ఉదయం ఎనిమిదిన్నర అయింది. అరుగు మీద మంత్రసాని మైసమ్మను స్తంభానికి కట్టేసి ఉంచారు. ఆమె ఎదురుగా యాభై అరవై మంది నిలబడి ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. ముందు వరసలో ఒక ముసలాయన చేతిలో కమ్మరి పట్కారు ఉంది.

ఆ పట్కారు దేనికో ఏసోబుకు తెలుసు. బాణామతి చేసిన మనిషికి పళ్లు ఊడబెరికితే ఇక మంత్రం పలకదని ఆ ప్రాంతంలో నమ్మకం. చిన్నప్పుడు తన వాడలో ఒకసారి ఆ పని జరగడం అతను కళ్లారా చూశాడు.

ఏసోబు నిజాం సర్కారు ఖుఫియా శాఖలో, అంటే మఫ్టీలో తిరిగే పోలీసుల్లో జమేదారు. వేరే పని మీద హుజూర్‌నగర్ వచ్చినవాణ్ణి తహసీల్దారు పిలిచి, గొర్లపాడులో బాలింత చావు సంగతి ఒకసారి చూసి రమ్మని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితాన్ని అమీన్ వజీరుద్దీన్ ఆసాంతం చదివి మడిచి తిరిగి ఇచ్చాడు. అమీన్ ఆ ఠాణాకు అధికారి. హోదాలో ఏసోబు కంటే పెద్ద. తన ఇలాకాలోకి ఇంకొకరు రావడం ఆయనకు నచ్చలేదని ముఖమే చెబుతోంది.

"పదిన్నరకు బండి వస్తది. బండెక్కినంక గీమె నా ముల్జిం, నా ఖైదీ. అంతకుముందు నీకేమన్న దొరికితే చెప్పు. దొరక్కపోతే తొవ్వకు అడ్డం రాకు."

శవాన్ని డాక్టరుకు చూపించకుండా మట్టి చేయడానికి ఎలా ఒప్పుకున్నారని ఏసోబు అడిగాడు. బాలింత శవాన్ని పొద్దుగూకేదాకా ఇంట్లో ఉంచనివ్వరని, ఊరంతా మీద పడితే ముగ్గురు జవాన్లతో తానేం చేయగలనని అమీన్ అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. మైసమ్మను స్తంభానికి కట్టించింది కూడా ఆమెను జనం చేతికి చిక్కకుండా కాపాడటానికేనని ఏసోబు గ్రహించాడు. కానీ రేపు ఠాణాలో ఆమె చేత ఒప్పుకోలు రాయించేదీ ఈ మనిషే.

జరిగింది ఇదీ. గొర్రెల మందలున్న కురుమ ఎల్లేశానికి ఇద్దరు భార్యలు. పెద్దామె భద్రమ్మకు పిల్లలు లేరు. చిన్నామె గుర్వమ్మ, పంతొమ్మిదేళ్ల పిల్ల, తొమ్మిది రోజుల కిందట మగబిడ్డను కన్నది. ఎల్లేశం కొడుకు ముఖం చూసుకుని, మూడో నాడు ఆరువందల గొర్రెలను తోలుకుని అమ్రాబాదు అడవికి పోయాడు. నిన్న మంగళవారం పొద్దున మైసమ్మ తల్లికీ బిడ్డకూ నీళ్లు పోసి, తొమ్మిది గంటల వేళ గదిలో పడుకోబెట్టి, కుంపటి మండుతుండగా తలుపు మూసింది. మధ్యాహ్నం పన్నెండుకు అత్త బాలనర్సమ్మ గంజి తీసుకుని తలుపు తీస్తే గుర్వమ్మ చనిపోయి ఉంది. ఒంటి మీద గాయం లేదు. నురగ లేదు. ముఖం మాత్రం బతికున్నప్పటి కంటే ఎర్రగా ఉంది. మంచం కింద ఇంటి పిల్లి కూడా చచ్చి పడి ఉంది. పిల్లవాడు ఒక్కడే బతికాడు, ఎందుకంటే ఆ సమయానికి గదిలో లేడు.

ఎల్లేశం ఇంటి గడప దగ్గర బాలనర్సమ్మ అడ్డంగా నిలబడింది. పేరు వినగానే ఏసోబు ఏ వాడ మనిషో ఆమెకు తెలిసింది. మాల మాదిగలు ఆ గడప దాటింది లేదు. ఆ మాట నోటితో అనలేక తలుపు చెక్క పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"మంత్రసానిగ మైసమ్మ వచ్చిన గది కదమ్మ," అన్నాడు ఏసోబు. "పురిటి మైల ఎట్లనో ఉన్నది. ఇల్లు కడుక్కునేటప్పుడు నన్ను గూడ కలిపి కడుక్కోన్రి."

ఆమె పక్కకు జరిగింది.

మిద్దె ఇల్లు. పడకగది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. తలుపు తూర్పు గోడకు ఉంది, దానికి లోపలివైపు చలి గాలి రాకుండా మందపాటి నల్ల గొంగడి వేలాడుతోంది. మంచం నైరుతి మూలలో, తల దక్షిణానికి వచ్చేలా వేసి ఉంది. అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టారు. ఏసోబు మోకాళ్ల మీద వంగి నేలను చూశాడు. గది నడుమ, సరిగ్గా దూలం కిందుగా, మంచంకోళ్లు ఏళ్ల తరబడి నొక్కుకుని పడిన నాలుగు గుంటలు ఉన్నాయి. మూలలో ఇప్పుడున్న కోళ్ల కింద అలికిన పేడ కూడా ఇంకా చెదరలేదు. తలుపు పక్కన ఆగ్నేయం మూలలో కుంపటి పెట్టి పెట్టి నల్లబడిన పాత మచ్చ ఉంది. రెండో మచ్చ కొత్తది, మంచం తలాపున, దిండుకు జానెడు దూరంలో.

ఉత్తరపు గోడకు ఈశాన్యం చివర చిన్న కిటికీ ఉంది. దాన్ని లోపలి నుంచి బంకమట్టితో మెత్తి మూసేశారు. మట్టి మీద నాలుగు వేళ్ల గీతలు స్పష్టంగా ఉన్నాయి. గది మధ్యలో పైకప్పుకు వెలుతురు కోసం, గాలి కోసం వదిలిన గవాచి మాత్రం తెరిచి ఉంది. అందులోంచి ఎండ పడుతోంది. అయితే ఆ గవాచి అంచు చుట్టూ కూడా తడి పూర్తిగా ఆరని మట్టి అంటుకుని ఉంది.

ఏసోబు లేచి మంచం అంచున చేయి పెట్టి నిలబడ్డాడు. తన ఎనిమిదో ఏట ఇలాంటి పుష్యమాసంలోనే మేనమామ, ఆయన ఇద్దరు పిల్లలు గుడిసె తడిక బిగించి, సందులన్నిటికీ గడ్డి కుక్కి, నిప్పుల కుండ పెట్టుకుని పడుకున్నారు. పొద్దున చూస్తే ముగ్గురి ముఖాలూ ఎర్రగా, నిద్రలో ఉన్నట్టే ఉన్నాయి. వాడ చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ చేసిందన్నారు. ఆ రోజే ఆమె పళ్లు పీకారు. మూసిన గదిలో బొగ్గు మండితే ఆ గాలే మనిషిని చంపుతుందని మిషన్ బడిలో పంతులు చెప్పేనాటికి ఆ ముసలమ్మ చనిపోయి ఐదేళ్లయింది.

గదిని ఇలా సర్దింది ఎవరని అతను బాలనర్సమ్మను అడిగాడు.

ఆమె గడపలోనే కూర్చుని చెప్పింది. ఆ గదిలోనే పెద్దకోడలు భద్రమ్మకు రెండు కాన్పులు పోయాయి. ఇప్పుడు చిన్నకోడలికి కన్ను మూతపడటం లేదు, మూత పడితే పీడకలలు. గదికే దోషం ఉందేమోనని బాలనర్సమ్మకు భయం పట్టుకుంది. వాస్తు చూసే లింగస్వామిని పిలిపిద్దామని చిన్నకొడుకు పర్వతాలు అన్నాడు. లింగస్వామి ఆదివారం వచ్చి గది కొలిచి పోయాడు. సోమవారం తాను రాలేక, చేయవలసినవన్నీ కాగితం మీద రాసి పర్వతాలు చేతికి పంపాడు. ఆ సాయంత్రమే అందరూ కలిసి గది మార్చారు.

"కాయిదం ఉన్నదా?"

"దేవుని గూట్ల పెట్టిన. పర్వతాలు నిన్న రెండుసార్లు అడిగిండు. దేవుని కాడ పెట్టింది తియ్యొద్దని ఇయ్యలే."

ఆమె తెచ్చి ఇచ్చిన కాగితానికి నాలుగు మూలలా పసుపు పూసి ఉంది. ఏసోబు దాన్ని మొదటి నుంచి చివరిదాకా మనసులోనే చదువుకున్నాడు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. అందులో ఏమేం చేయమన్నారో ఆమెకు గుర్తున్నంత వరకు చెప్పమన్నాడు.

"తల దక్షిణం దిక్కు. మంచం నైరుతి మూలకు. దూలం కింద పండొద్దు, దూలం బరువంత పానం మీద పడుతది. కాళ్లు దర్వాజకు ఎదురుగ ఉండొద్దు, పీనుగును తీసుకపోయేటప్పుడు గట్ల ఉంటయి. అద్దం మంచం దిక్కు చూడొద్దు. కుంపటి తలాపున పెట్టాలె. ఈశాన్యం కిటికీ, మీద గవాచి ఇరవయ్యొక్క దినాలు మూసెయ్యాలె."

"కడపటి రెండు ఇంకోసారి చెప్పమ్మ."

ఆమె మళ్లీ అవే చెప్పింది. చదువుకున్నవాళ్ల కంటే చదువురానివాళ్ల జ్ఞాపకం గట్టిదని ఏసోబుకు తెలుసు. కాగితం చదివి వినిపించింది ఎవరని అడిగాడు.

"పర్వతాలే. నల్లగొండల నాలుగో జమాతు దాక చదివిండు. మా ఇంట్ల అచ్చరం ముక్క వచ్చింది వానొక్కనికే."

గవాచి మీద బండ పెట్టి మట్టి మెత్తింది పర్వతాలు. కిటికీ మూసింది ఎవరని అడిగితే బాలనర్సమ్మ తన కుడిచేయి చాపి చూపించింది. గోళ్ల సందున బంకమట్టి ఇంకా ఉంది. ఏసోబు ఆ చేతినీ, కిటికీ మీది వేళ్ల గీతలనూ చూసి తల తిప్పుకున్నాడు.

అప్పటికి తొమ్మిదింబావు. భద్రమ్మను వెనక వాకిట్లో ఒక జవాను కాపలాలో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ల మనిషి, రాత్రంతా ఏడ్చి కళ్లు వాచిపోయాయి. నీళ్లు పోసేటప్పుడు పిల్లవాడి ఒళ్లు పచ్చగా కనబడుతున్నదని, కాసేపు ఎండ చూపించమని మైసమ్మ తనతో అన్నదని ఆమె చెప్పింది. తలుపు మూసిన కొద్దిసేపటికి పిల్లవాడు ఏడవడంతో లోపలికి పోయి ఎత్తుకొచ్చింది. హుజూర్‌నగర్ పోయే మోటారు రోడ్డు మీద హారన్ కొట్టినప్పుడు పిల్లవాడు తన ఒళ్లో ఉన్నాడు. అంటే తొమ్మిదిన్నర దాటలేదు. అప్పుడు గుర్వమ్మ మాట్లాడిందా అని ఏసోబు అడిగాడు.

"మాట్లాడింది. అక్కా, తల బరువైతాంది, వాణ్ని జరసేపు నీ దగ్గర్నే ఉంచుకో అన్నది. బాలింతకు తలనొప్పి ఉంటది గద అనుకున్న." భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు గూడ గా గదిల తల తిరిగింది సారూ. లేపి బయటికి తీసుకొస్తే బతికేది."

ఆమె తేరుకునేదాకా ఆగి, అత్త కేక వేసినప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారని అడిగాడు. తాను వాకిట్లో ఉన్నానని, పర్వతాలు కొట్టంలో ఉన్నాడని చెప్పింది. కేక వినగానే తాను గదిలోకి పరుగెత్తింది. పర్వతాలు గదిలోకి రాలేదు.

"మరిది మొదలు మిద్దెక్కిండు. పక్కిండ్లోళ్లను పిలుస్తుండనుకున్న. గవాచి మీది బండ తీసిండు. తర్వాత కిందికొచ్చి, ఏమైంది వదినా అని అడిగిండు."

ఏసోబు ఆ మాటను తన పుస్తకంలో ఆమె అన్నది అన్నట్టే రాసుకున్నాడు.

చావడికి తిరిగి వచ్చేసరికి పది కావడానికి పది నిమిషాలున్నాయి. బండి అప్పుడే వచ్చి నిలబడింది. జవాన్లు మైసమ్మ కట్లు విప్పి, మళ్లీ చేతులకు తాడు వేస్తున్నారు. ఏసోబు ఆమెను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, ఆ రోజు కుంపటిలో బొగ్గులు ఎవరు పోశారని. తాను రోజూ నాలుగు పిడకలు, గుప్పెడు బొగ్గులు మాత్రమే వేస్తానని, నిన్న తాను వచ్చేసరికే కుంపటి నిండా బొగ్గులు నింపి తలాపున పెట్టి ఉందని ఆమె చెప్పింది. ఇదేందని అడిగితే, శాస్త్రంలో అట్లనే ఉన్నదని పర్వతాలు అన్నాడట.

"శాస్త్రం మాకేం ఎరుక కొడుకా," అన్నది మైసమ్మ.

ఆ పిలుపు అమీన్ చెవిన పడింది. ఆయన నవ్వాడు.

"కొడుకా అంటాంది. మీ వాడోళ్లంత ఒక్కటే గద. గందుకేనా నువ్వు హుజూర్‌నగర్ నుంచి ఉరికొచ్చింది?"

జనం ఏసోబు వైపు తిరిగారు. అతను కోపాన్ని మింగి, మామూలు గొంతుతోనే అన్నాడు. "గీమె మా వాడామెనే సాబ్. అందుకే రెండుసార్లు చూసిన. మీరొక్కసారన్న గది లోపలికి పోయిండ్రా?"

"పోయి చూసేదేమున్నది? పిల్లగాన్ని ముందే బయటికి తీసుడు మైసమ్మ చెప్పింది, భద్రమ్మ చేసింది. తల్లి చావాలె, పిల్లగాడు గొడ్రాలి ఒళ్లెకు రావాలె. గింతకంటె సబూత్ ఏం కావాలె?"

ఏసోబు పసుపు కాగితం తీసి చాపాడు. తనకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదని అమీన్ విసుక్కున్నాడు. అరుగు చివర లింగస్వామి తలవంచుకుని కూర్చుని ఉన్నాడు. తెల్లవారుజామున ఆయనను కూడా జవాన్లు పట్టుకొచ్చారు. ఏసోబు కాగితాన్ని ఆయన చేతిలో పెట్టి, రాసింది మీరేనా అని అడిగి, చివరి నాలుగు పంక్తులు అందరికీ వినబడేలా చదవమన్నాడు.

లింగస్వామి కళ్లద్దాలు సరిచేసుకుని చదివాడు. "కుంపటి ఆగ్నేయమున, తలుపు చెంత ఉంచవలెను. ఈశాన్యపు కిటికీయు, గవాచియు పగలు రాత్రి తెరచియే యుండవలెను. ఈశాన్యము మూసిన ఇల్లు ముక్కు మూసిన మనిషి వంటిది."

గుంపు వెనక బాలనర్సమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"తెరువుమని రాసినవా అయ్యా?" అంది.

"తెరువుమనే రాసిన తల్లీ. ఈశాన్యం ముయ్యమని ఏ శాస్త్రం చెప్పదు."

ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, గోళ్లలోని మట్టిని చూస్తూ అక్కడే నేల మీద కూలబడింది. పట్కారు పట్టుకున్న ముసలాయన దాన్ని మెల్లగా పంచె చాటుకు పెట్టుకున్నాడు.

ఏసోబు అమీన్‌ను పక్కకు తీసుకుపోయి, గొంతు తగ్గించి వరసగా చెప్పాడు. ఎనిమిది రోజులు అదే గదిలో, అదే కుంపటి ఉన్నా ఎవరికీ ఏమీ కాలేదు. గాలి పోయే దారులు రెండూ సోమవారం సాయంత్రం మూతపడ్డాయి. మంగళవారం పొద్దున బొగ్గులు నాలుగింతలయ్యాయి. ఆ గాలికే పిల్లీ చచ్చింది, భద్రమ్మకూ తల తిరిగింది. కాగితాన్ని తిప్పి చదివినవాడే మరునాడు దాన్ని తీసుకోవాలని రెండుసార్లు అడిగాడు. ఇంట్లో కేక వినబడితే ఎవరైనా గదిలోకి ఉరుకుతారు. మనిషి ఎందుకు చనిపోయిందో ముందే తెలిసినవాడు మాత్రం మిద్దె ఎక్కి గవాచి తెరుస్తాడు.

అమీన్ ముఖంలో నవ్వు పోయింది. అయినా ఒక్క చిక్కు ఆయనను వదల్లేదు. గుర్వమ్మను చంపితే పర్వతాలుకు ఏమొస్తుంది? ఆమె వల్ల వానికి అడ్డమేముంది?

"గుర్వమ్మ అడ్డం కాదు సాబ్. ఎల్లేశానికి పిల్లల్లేకుంటె మందంత ఎవలది? తమ్మునిది. తొమ్మిది దినాల కింద పుట్టినోడు అడ్డం. పిల్లగాన్ని బయటికి తీసుడు సబూత్ అన్నరు మీరు. వాడు బయటికి రావాలని పర్వతాలు అనుకోలే. ఇద్దరూ లోపల్నే ఉండాలనుకున్నడు. ఎండ చూపియ్యమని మైసమ్మ అన్నది గనుక, భద్రమ్మ ఇన్నది గనుక వాడు బతికిండు."

చెబుతూ ఉండగానే ఏసోబుకు ఒక సంగతి తట్టింది. ఆ ఇంట్లో అరగంటకు పైగా తిరిగాడు. గది చూశాడు, వాకిలి చూశాడు. ఎక్కడా పసిబిడ్డ ఏడుపు వినబడలేదు.

"పిల్లగాడేడి?"

అమీన్ నుదురు తుడుచుకున్నాడు. పొద్దున ఏడుగంటలకు పిల్లవాడు పాలకు ఏడుస్తుంటే పర్వతాలు బండి కట్టుకుని వచ్చి, పక్క ఊరు రంగాపురంలో బిక్షమ్మ అనే చుట్టం పచ్చి బాలింత, ఆమె దగ్గర పాలు పట్టించుకొస్తానని అడిగాడు. తాను సరే అన్నాడు. తానూ వెంట వస్తానని భద్రమ్మ కాళ్లు పట్టుకుంది. ఆమె మీద అనుమానం ఉంది కనుక కదలనివ్వలేదు.

"నేనే పొమ్మన్న," అన్నాడు అమీన్. "ఒక్కన్నే."

ఏసోబు గడియారం చూశాడు. పది దాటి ఐదు నిమిషాలు. రంగాపురం కోసెడు, అంటే రెండు మైళ్ల దూరం. బండి మీద పోయి, పాలు పట్టించి, తిరిగి రావడానికి రెండు గంటలు చాలు. పోయి మూడు గంటలైంది.

అమీన్ వెనక్కి తిరిగి, మైసమ్మ చేతుల తాడు విప్పమని జవాన్లకు చెప్పాడు. తన గుర్రాన్ని జీను కట్టి తెమ్మన్నాడు. రంగాపురం దారి తెలిసిన మనిషి కావాలన్నాడు.

అప్పుడే ఊరి బాట మీంచి ఒక ఆడమనిషి గబగబా నడుచుకుంటూ చావడి దగ్గరికి వచ్చింది. ఆమె రవిక ముందు భాగం పాలతో తడిసి ఉంది. నేల మీద కూర్చున్న బాలనర్సమ్మను చూసి ఆమె ముందు వంగింది.

"అత్తా, నిన్న పొద్దుగూకి కబురంపినవట. మా పోరికి పాలిచ్చి వచ్చేసరికి జర ఆలస్యమైంది. పిల్లగాడేడి?"

బాలనర్సమ్మ తలెత్తి చూసింది. "బిక్షమ్మా," అని మాత్రం అనగలిగింది.

పొద్దుట్నుంచి పర్వతాలు మీ ఇంటికి రాలేదా అని ఏసోబు అడిగాడు. రాలేదని ఆమె తల ఊపింది. దారిలో బండి ఎదురైందా అని అడిగాడు.

"ఎవ్వరు ఎదురు కాలే సారూ. తొవ్వంత నేనొక్కదాన్నే వచ్చిన."

ఇంటి వెనక వాకిట్లోంచి జవానును తోసుకుని వచ్చిన భద్రమ్మ ఆ మాట విన్నది. ఆమె ఏడవలేదు. ఊరికి దక్షిణాన చెలకల మధ్యలోంచి పోయే బండ్లబాట వైపు చేయి చూపించింది.

"రంగాపురం తొవ్వ కాదంటె, సారు సైకిల్ మీదొచ్చిన సడక్ కాదంటె, గొర్లపాడుకు ఇంకొక్క తొవ్వనే ఉన్నది," అంది. "అది కృష్ణ ఏటికి పోతది."